శ్లాబు, చాంబరు, మోటారు: మన ఫ్లాట్లకి మనమే చేసుకుంటూ పోవాలా, ఆఫీసు చేత చేయించాలా?

మూడో అంతస్తు | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది విశాఖలో మధురవాడ వైపు. కొండ కింద ప్రభుత్వం కట్టించిన జీ ప్లస్ త్రీ ఫ్లాట్లు, బ్లాకుకి 32 ఇళ్ళు. 2011లో తాళాలు ఇచ్చారు. అంతకుముందు ఊళ్ళో గెడ్డ గట్టున రేకుల ఇంట్లో ఉండేవాళ్ళం. తాళం చేతికొచ్చిన రోజు మా అమ్మ గడపకి పసుపు రాసి, అక్కడే కూర్చుని ఏడ్చింది. అందుకే ఈ ఇంటి గురించి చెడ్డమాట రాయాలంటే నాకు చెయ్యి రాదు. ఇవాళ రాయక తప్పడం లేదు.

మా పైన డాబా. వాన పడితే పైకప్పు చెమరుస్తుంది. మొన్న శుక్రవారం పొద్దున మా పాప పడుకునే చోట పెచ్చు ఊడి పడింది, అరచెయ్యంత. పాప అప్పటికే లేచి జడ వేయించుకుంటోంది కాబట్టి సరిపోయింది. పైన ఊచ కనబడుతోంది, తుప్పు పట్టి ఉబ్బి ఉంది. అదే రోజు కింద మురుగు చాంబరు పొంగి మెట్ల దగ్గర దాకా వచ్చింది.

ఇళ్ళు కట్టించిన ఆఫీసుకి వెళ్ళాను. "ఇళ్ళు మీకు అప్పగించేశాం, బాగోగులు మీవే" అన్నారు. సరే, శ్లాబు మేమే బాగు చేయించుకుంటాం, ఆ మాటే కాగితం మీద రాసివ్వండి అన్నాను. పక్క సీటాయన "అది ప్రభుత్వ కట్టడం, మీరు ముట్టుకోడానికి లేదు" అన్నారు. రెండు మాటలూ ఒకే గదిలో విన్నాను. ఇంతకీ ఈ శ్లాబు ఎవరిది?

మా బ్లాకులో ఇంటికి నెలకి 100 రూపాయలు వసూలు చేస్తాం. పోయిన ఏడాది 38,400 వచ్చింది, 41,150 ఖర్చయింది. మోటారు వైండింగుకి 6,500, మెట్ల మీటరు కరెంటు బిల్లులకి 13,800, చాంబరు మూడుసార్లు తీయించడానికి 7,500, పైపులకీ కూలికీ 8,350, మెట్ల లైట్లకి 1,200, బ్లీచింగుకి 1,800, డాబా గొట్టానికి 2,000. తక్కువ పడిన 2,750ని కింద ఉన్న బియ్యం కొట్టు బాబాయి సర్దాడు, ఇంకా తీర్చలేదు. ఇప్పుడు శ్లాబుకి ఎంతవుతుందో తలచుకుంటేనే భయంగా ఉంది. మీ కాలనీల్లో ఏం చేస్తున్నారో చెప్పండి.

పైపుల పని | ఆదివారం రాత్రి 10:05

అన్నా, నేను ఆ చుట్టుపక్కల కాలనీల్లోనే ప్లంబింగు చేస్తాను. చాంబర్లు పొంగడానికి సగం కారణం మురుగు కాదు, మట్టి. కొండ మీంచి వాననీటితో ఎర్రమట్టి దిగుతుంది. మూతలు పగిలిన చాంబర్లలోకి నేరుగా వెళ్ళి అడుగున పేరుకుంటుంది. పైన ఎన్నిసార్లు తీయించినా అడుగు మట్టి అలాగే ఉంటే నెల తిరక్కుండా మళ్ళీ పొంగుతుంది. ముందు మూతలు వేయించండి. కొండవైపు కాలువ పూడిక తీయించండి. ఆ కాలువ మాత్రం ఆఫీసు పనే, మీ 100 రూపాయలతో అయ్యేది కాదు.

ఇంకొకటి. డాబా మీద నీళ్ళ గొట్టాల జాయింట్లు చూడండి. చాలాచోట్ల వానకి కారుతోందనుకుంటారు, తీరా చూస్తే ట్యాంకు దగ్గర సాకెట్టు చుక్కచుక్కగా కారుతుంటుంది. ఎండాకాలంలో కూడా చెమ్మ ఉంటే అది వాన నీరు కాదు.

ఎర్రమట్టి | ఆదివారం రాత్రి 10:31

నా మాట కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు. పన్నెండేళ్ళు నేనూ బ్లాకు లెక్కలు రాశాను. నాకు తెలిసింది ఒక్కటే. మనం చేసుకుంటూ పోయినన్నాళ్ళూ వాళ్ళు రారు. "ఆ కాలనీ వాళ్ళు మంచివాళ్ళండీ, వాళ్ళే చూసుకుంటారు" అని ఒక అధికారి నా ఎదుటే అన్నాడు. మెచ్చుకున్నాడనుకుని ఇంటికొచ్చి చెప్పాను. రాత్రి పడుకున్నాక అర్థమైంది, మన మంచితనాన్ని చూపించి మన పని పక్కన పెట్టేశాడని.

ఈసారి డబ్బు వసూలు ఆపేయండి. పొంగనివ్వండి. ఫోటోలు తీసి పెట్టండి. అప్పుడే కదులుతారు.

కిందింటి అక్క | ఆదివారం రాత్రి 10:52

ఎర్రమట్టి అన్నగారూ, మీది ఏ అంతస్తు? మాది కింద. పొంగనివ్వండి అంటే ఎక్కడ పొంగుతుందో చెప్పనా? మా వంటింట్లో. మా అత్తగారికి మోకాళ్ళు సహకరించవు, గోడ పట్టుకుని నడుస్తుంది. ఆ నీళ్ళలో ఆవిడ జారితే ఆ ఫోటో ఎవరికి చూపించాలి?

పైవాళ్ళ చేతిలో సమ్మె అంటే కింద ఉన్నవాళ్ళ ఒంటి మీద సమ్మె. మీ కోపం నాకు తెలుసు, అది నాకూ ఉంది. నేను ఎంవీపీ కాలనీలో మూడిళ్ళలో పని చేస్తాను. తెల్లారి బస్సు ఎక్కాలంటే ముందు గడప బయట ఆ నీళ్ళు తోసి వెళ్ళాలి. నా డ్యూటీ అలా మొదలవుతుంది.

ఎర్రమట్టి | ఆదివారం రాత్రి 11:10

అక్కా, నాది రెండో అంతస్తు. ఆ వైపు నుంచి ఆలోచించలేదు. పొంగనివ్వండి అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా మాట మీద మాత్రం నిలబడతాను. మనం ఊరికే చేసుకుపోతే వాళ్ళ దృష్టిలో ఆ ఖర్చు లేనట్టే.

మామ్మ మనవరాలు | సోమవారం ఉదయం 7:15

మా మామ్మ చెబుతుంటే నేను టైపు చేస్తున్నాను. ఆవిడ మాట ఆవిడ లాగే రాస్తున్నాను, గుంటలు అంటే పిల్లలు.

"బాబూ, ఆయేల హుద్‌హుద్ గాలొచ్చినాది కదా, మీకు గుర్తుందో నేదో. మేడ మీదోళ్ళందర్నీ కిందికి దింపీసినాం. మా గదిలో పదకొండు మందిమి. తలుపు కొట్టుకుంటంటే మంచం అడ్డెట్టి, నలుగురు గుంటలు దాని మీద కూకున్నారు. తెల్లారి సూస్తే డాబా మీద ట్యాంకు నేదు, ఎక్కడో తుప్పల్లో పడుంది. కరెంటు నేదు, నీళ్ళు నేవు. ఏ ఆఫీసోడు వొచ్చినాడు? ఎవుడూ రానేదు. నాలుగో బ్లాకు గుంటలు బిందెలు ఒట్టుకుని బోరు కాడ వొరసెట్టినారు. ముందు ముసిలోళ్ళకి, తరవాత సంటిపిల్లలున్నోళ్ళకి. ఎవుళ్ళూ తగువాడుకోనేదు. మా డ్వాక్రా సంగం బియ్యం అన్నీ ఒక్కకాడ ఎట్టి గెంజి కాసినాం. ఆ గెంజి తాగినోళ్ళం ఇప్పుడు వంద రూపాయల కాడ మొకాలు తిప్పుకుంటామేటి?"

ఇది మామ్మ మాట. నాకు అప్పుడు ఆరేళ్ళు. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12, ఆదివారం. ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయిందనీ, కైలాసగిరి మీద చెట్లు కూలిపోయాయనీ పెద్దయ్యాక తెలిసింది. నాకు గుర్తున్నది ఆ మంచం చప్పుడు, గంజిలో ఉప్పు ఎక్కువవడం.

పాత సైటు ఇంజినీరు | సోమవారం ఉదయం 11:20

నేను ప్రైవేటు నిర్మాణాల్లో 30 ఏళ్ళు పనిచేసి మానేశాను. మూడో అంతస్తు గారూ, ముందు పాపని ఆ గదిలో పడుకోబెట్టకండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

విశాఖ గాలిలో ఉప్పుంటుంది. ఊచ మీద కాంక్రీటు కవరింగు పలచగా పడినచోట ఆ ఉప్పూ చెమ్మా కలిసి లోపలికి దిగుతాయి. ఇనుము తుప్పు పట్టిందంటే రెండింతలకి పైగా ఒళ్ళు పెంచుకుంటుంది. లోపల చోటు చాలదు కాబట్టి కింది కాంక్రీటుని తోసేస్తుంది. మీరు పెచ్చు అంటున్నది అదే. పైపైన సిమెంటు మెత్తి సున్నం కొడితే ఆరునెలలు కనబడదు, లోపల తుప్పు ఆగదు. సరైన పని ఏమిటంటే, వదులైన కాంక్రీటంతా కొట్టి తీసేయాలి, ఊచని వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్దాలి, తుప్పు ఆపే పూత వేయాలి, దానికని చేసిన పాలిమర్ మోర్టారుతో మూయాలి. ఊచ మందంలో బాగా తరిగిపోయి ఉంటే మాత్రం మేస్త్రీ చేతిలో పెట్టకూడదు. ఇంజినీరు వచ్చి చూసి తీరాలి. ఆంధ్రా యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ విభాగం ఉంది, అక్కడికి వెళ్ళి సలహా అడగొచ్చు.

మీరు రాయలేదు గానీ నేను అడుగుతాను. డాబా మీద ఇంటింటికీ విడిగా సింటెక్సు ట్యాంకులు పెట్టుకున్నారా? మనిషి ఎక్కే డాబాకి మామూలుగా చదరపు మీటరుకి సుమారు 150 కిలోల బరువు లెక్క వేస్తారు. 500 లీటర్ల ట్యాంకు నిండితే అరటన్ను, అదంతా ఒక్క చదరపు మీటరు కూడా లేని చోట. శ్లాబు నడిమధ్య అలాంటివి పది ఉంటే తుప్పు సంగతి తర్వాత, ముందు బరువే ముంచుతుంది. ట్యాంకుల్ని దూలాల మీదకి, స్తంభాల దగ్గరకి జరపండి. దీనికి పైసా ఖర్చు లేదు, నలుగురు మనుషులు చాలు.

ఒక మాట మనసులో ఉంది, చెప్పేస్తాను. ఇలాంటి ఇళ్ళు కట్టేటప్పుడు క్యూరింగుకి, అంటే కాంక్రీటు గట్టిపడేలా తడపడానికి, నీళ్ళు సరిగా పట్టకపోవడం నేను కళ్ళారా చూశాను. పేదవాళ్ళ ఇల్లు కదా అని ఎవరూ అడగరు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ నీళ్ళ లోటు ఒక పాప మంచం మీద పడుతుంది.

మూడో అంతస్తు | సోమవారం మధ్యాహ్నం 1:05

సార్, ట్యాంకులు 14 ఉన్నాయి. మాది కూడా మధ్యలోనే ఉంది. సాయంత్రం జరుపుతాం. పాప ఇవాళ్టి నుంచి ఎదురింటి పిన్ని గారింట్లో పడుకుంటుంది, నేను అడగకముందే ఆవిడే వచ్చి దుప్పటి తీసుకెళ్ళారు.

తోటి బ్లాకు | సోమవారం మధ్యాహ్నం 2:30

చాంబరు గురించి ఇంత చర్చ ఎందుకు? మాకు తెలిసిన ఇద్దరున్నారు. మూడు వేలిస్తే లోపలికి దిగి అడుగు మట్టితో సహా తోడేస్తారు. మురుగు తోడే మిషను లారీకి అంతకన్నా ఎక్కువవుతుంది.

కొండవాలు | సోమవారం మధ్యాహ్నం 2:48

వద్దు. దయచేసి వద్దు.

మా నాన్న ఆ పని చేశారు. చాంబర్లో, సెప్టిక్ ట్యాంకులో విషవాయువు ఉంటుంది. మొదట వాసన వస్తుంది, కాసేపటికి ముక్కు ఆ వాసన పట్టడం మానేస్తుంది, గాలి బాగుందనుకుంటాడు మనిషి. మొదటివాడు పడిపోతే తీయడానికి రెండోవాడు దిగుతాడు. అలా జంటగా పోతారు. మా నాన్న ఒకసారి మెట్టు మీద ఉండగానే కళ్ళు తిరిగి పైకొచ్చేశారు కాబట్టి నేను ఇవాళ ఇది రాస్తున్నాను. ఆయన స్నేహితుడు రాలేదు.

2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు కాలువలోకి దింపడం నేరం. దింపినవాడు కాంట్రాక్టరైనా, మనలాంటి ఇంటివాళ్ళైనా. చనిపోయినవారి కుటుంబానికి ఇచ్చే పరిహారాన్ని 2023లో సుప్రీంకోర్టు 30 లక్షలకి పెంచింది. నాకు ఆ 30 లక్షల లెక్క అక్కర్లేదు, ఆ ఇద్దరికీ ఇళ్ళున్నాయి. మిషనుతోనే తీయించండి. డబ్బు తక్కువైతే నేను వెయ్యి వేస్తాను, మీ కాలనీ కాకపోయినా.

తోటి బ్లాకు | సోమవారం మధ్యాహ్నం 3:20

తప్పు మాట రాశాను. క్షమించండి అన్నా. వాళ్ళిద్దరూ పోయినసారి మా బ్లాకులో దిగారు. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది.

అద్దెకున్నోడు | సోమవారం రాత్రి 8:15

నేను శ్రీకాకుళం నుంచి పనికొచ్చి ఇలాంటి ఫ్లాట్లోనే ఏడేళ్ళుగా అద్దెకుంటున్నాను. సమావేశం పెడితే "అద్దెవాళ్ళకెందుకు" అంటారు. నెలనెలా 100 నేనే కడుతున్నాను, ఓనరు కాదు. మోటారు పాడైన రోజు నాలుగంతస్తులకీ బిందెలు మోసింది మేమే. ఆఫీసుకెళ్తే "అసలు లబ్ధిదారులు ఎవరూ అక్కడ లేరు, అమ్ముకుని పోయారు" అని మమ్మల్ని చూపించి ఫైలు మూసేస్తున్నారు. నీళ్ళకీ మురుగుకీ ఉన్న మనిషిని లెక్క వేస్తారా, పట్టా మీద పేరునా? మా ఓనరమ్మ వేరే చోట ఉన్నా చాంబరు మా వాకిట్లోనే పొంగుతోంది. సంఘంలో మాకూ ఒక పేరు ఉండనివ్వండి.

కిందింటి అక్క | సోమవారం రాత్రి 8:40

తమ్ముడూ, మా బ్లాకులో అద్దెవాళ్ళకి మాట ఉంది. మోటారు తాళం వారానికో ఇంటికి తిరుగుతుంది, అద్దె ఇంటికి కూడా వెళ్తుంది. తాళం ఉన్నవాళ్ళదే ఆ వారం మాట.

అర్జీల తమ్ముడు | మంగళవారం ఉదయం 9:10

ఇప్పుడు కాగితం పని చెబుతాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, కానీ ఇదే మనకి బలం.

మనలో చాలామంది ఇళ్ళు జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం కింద వచ్చినవి. 2005 డిసెంబరు 3న నగరాల కోసం కేంద్రం మొదలుపెట్టిన పథకం. అందులో పట్టణ పేదల భాగానికి ఏడు హామీలు ఉన్నాయి: స్థలం మీద భద్రత, స్తోమతకి తగ్గ ఇల్లు, నీళ్ళు, పారిశుద్ధ్యం, చదువు, ఆరోగ్యం, సామాజిక భద్రత. అంటే ఇస్తామన్నది నాలుగు గోడలు మాత్రమే కాదు. పైగా ఊరికే కూడా ఇవ్వలేదు. లబ్ధిదారు వాటా కనీసం 12 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీలకి 10 శాతం. మన అమ్మలు పుస్తెలు తాకట్టు పెట్టి కట్టారు. "ఫ్రీగా ఇచ్చాం కదా" అని ఎవరైనా అంటే ఆ రసీదు చూపించండి.

శ్లాబు ఎవరిదన్న ప్రశ్నకి నోటి జవాబు తీసుకోకండి. సమాచార హక్కు కింద అడగండి. దారిద్ర్యరేఖకి దిగువ ఉన్నట్టు చూపే రేషన్ కార్డు జిరాక్సు జత చేస్తే ఫీజు ఉండదు. "ఎందుకు చేయలేదు" అని అడిగితే జవాబు రాదు, రికార్డుల నకళ్ళే అడగాలి. మా బ్లాకుని నివాసులకి అప్పగించిన పత్రం నకలు. నిర్వహణ ఎవరిదో చెప్పే ఉత్తర్వు నకలు. గత ఐదేళ్ళలో మా కాలనీ మరమ్మతులకి పెట్టిన ఖర్చు, బిల్లుల నకళ్ళు. 30 రోజుల్లో ఇవ్వాలి. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటలు, శ్లాబు పెచ్చులు పడుతున్నాయని రాసి ఆ మాట కూడా వాడండి. రాకపోతే 30 రోజుల్లో అక్కడే పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్.

వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీ అని ఒకరు ఉంటారు. నీళ్ళు, కాలువల ఫిర్యాదు ముందు వారికి ఇచ్చి రసీదు తీసుకోండి. తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్ళండి. ఒక్కరు కాదు, నలుగురైదుగురు వెళ్ళండి, అందులో కింది ఇంటివాళ్ళు తప్పకుండా ఉండాలి.

సంఘం రిజిస్టరు చేయించుకోండి. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులు చాలు. రిజిస్టరు కాని సంఘం పేరుతో అర్జీ ఇస్తే "మీరెవరు" అంటారు.

ఎర్రమట్టి అన్న చెప్పిన మాటలో నిజం ఉంది. మనం చేసుకున్న పని కాగితం మీద లేకపోతే లేనట్టే. కాబట్టి పని ఆపొద్దు, లెక్క పంపండి. మూడో అంతస్తు అన్నా, ఇక్కడ పెట్టావే 41,150 లెక్క, దాన్ని అలాగే రాసి అర్జీకి జత చెయ్యి. చాంబరుకి 7,500, పైపులకి ఇంత, తేదీలతో, రసీదులతో. కింద ఒక్క వాక్యం: "ఈ పనులు మీరు చేయవలసినవి, మేం చేశాం, ఈ సొమ్ము మాకు తిరిగి చెల్లించండి."

ఎర్రమట్టి | మంగళవారం ఉదయం 9:34

తమ్ముడూ, ఇది నాకు పన్నెండేళ్ళ క్రితం తోచి ఉంటే! నా దగ్గర పాత పుస్తకాలు మూడున్నాయి. చెదలు పట్టకుండా ట్రంకుపెట్టెలో దాచాను. మా బ్లాకు బిల్లు కూడా రాస్తాను.

పైపుల పని | మంగళవారం మధ్యాహ్నం 12:15

చాంబరు మూతల కొలతలు రేపు వచ్చి నేను తీస్తాను. కూలి వద్దు. టీ చాలు.

మూడో అంతస్తు | మూడు వారాల తర్వాత, శనివారం రాత్రి 9:20

అందరూ అడుగుతున్నారు, జరిగింది రాస్తున్నాను.

ఆ ఆదివారం మెట్ల మీద కూర్చున్నాం. మా బ్లాకులో వేరే స్థలం లేదు, మెట్లే మా సభ. కిందివాళ్ళు కింద మెట్ల మీద, పైవాళ్ళు పైన. 32 ఇళ్ళలో 27 ఇళ్ళవాళ్ళు వచ్చారు, అందులో ఏడు అద్దె ఇళ్ళు. లెక్కల పుస్తకం మొదటి నుంచీ గట్టిగా చదివాం. ఎవరూ కదల్లేదు. బియ్యం కొట్టు బాబాయి పేరు చదివినప్పుడు ఆయన తల దించుకున్నాడు. అప్పిచ్చినవాడు తల దించుకోవడం నేను అప్పుడే చూశాను. ఇంటికి ఇంతని అక్కడికక్కడే పోగుచేసి ఆయన బాకీ తీర్చేశాం.

సోమవారం ఆరుగురం వెళ్ళాం. కిందింటి అక్క పని మానుకుని వచ్చింది, ఒకరోజు జీతం పోయింది. అర్జీ, లెక్క, ఊడిన పెచ్చు ముక్క ఒక సంచిలో పెట్టుకెళ్ళాం. ఆ ముక్క బల్ల మీద పెట్టి "ఇది మా పాప మంచం మీద పడిందండీ" అన్నాను. అంతకన్నా నాకు మాట రాలేదు. రసీదు నంబరు ఇచ్చారు.

శుక్రవారం మిషను లారీ వచ్చింది. చాంబర్లు మూడూ అడుగు దాకా తీశారు, మనిషి దిగకుండానే. మూతలు మాత్రం రాలేదు, పైపుల తమ్ముడు కొలతలు తీస్తే మేమే పోతపోయించాం, ఆ ఖర్చు కూడా పుస్తకంలో రాశాం. కొండవైపు కాలువ ఇంకా అలాగే ఉంది. అక్టోబరు వచ్చేస్తోంది, నా దిగులంతా దాని మీదే.

శ్లాబుకి ఒక ఇంజినీరు వచ్చారు. సుత్తితో తట్టి చూశారు. డొల్లగా మోగినచోటల్లా సుద్దముక్కతో గుండ్రంగా గీశారు. మా గదిలో నాలుగు గీతలు, ఎదురింట్లో రెండు. అంచనా వేసి పంపుతామన్నారు. ఇంకా ఏమీ రాలేదు. సమాచార హక్కు అర్జీకి గడువు ఇంకో పది రోజులుంది. సుద్ద గీతల కింద ఎవరూ పడుకోవడం లేదు. ట్యాంకులు 14 దూలాల మీదకి జరిపాం, అద్దె కుర్రాళ్ళే మోశారు.

సంఘం కాగితాల మీద సంతకాలయ్యాయి. ఏడుగురిలో ఒకరు అద్దెకున్నవాళ్ళు. పుస్తకం ఇకమీదట మా పాప రాస్తానంటోంది, ఏడో తరగతి, చేతిరాత బాగుంటుంది.

పాత సైటు ఇంజినీరు | శనివారం రాత్రి 9:55

డొల్ల మోత ఎక్కడెక్కడ వచ్చిందో ఫోటోలు తీసి తేదీ వేసి ఉంచండి. నెల తర్వాత నేనే వచ్చి మళ్ళీ తట్టి చూస్తాను. గీత దాటి పెరిగితే ఆ ఫోటోతోనే మళ్ళీ వెళ్దాం. ఈసారి నేనూ మీతో కూర్చుంటాను.

మామ్మ మనవరాలు | శనివారం రాత్రి 10:10

మామ్మ అడుగుతోంది: "బాబూ, అదంతా బాగానే ఉంది. రేపు ఆదివారం, పొద్దున్నే నీళ్ళు ఎక్కించాల. మోటారు తాళం ఈ వారం ఎవుళ్ళింట్లో ఉంది?"

అద్దెకున్నోడు | శనివారం రాత్రి 10:14

మీ బ్లాకు తాళం సంగతి నాకు తెలీదు మామ్మా. మా బ్లాకులో కూడా నిన్నటి నుంచి తిప్పడం మొదలెట్టారు. మొదటి వారం నాకే ఇచ్చారు.

కిందింటి అక్క | శనివారం రాత్రి 10:20

మా ఇంట్లోనే ఉంది మామ్మా. ఐదింటికి వేస్తాను, బిందెలు పెట్టుకోండి.